శంషాబాదు వైద్యురాలు – కథరీనా షెల్లెన్‌బర్గ్

నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల చరిత్ర రాసినవారు భూమి సంబంధాలకు, సంస్థానాధీశుల వృత్తాంతాలకు, ప్రజా ఉద్యమాలకు ఇచ్చినంత ప్రాధాన్యాన్ని సామాన్యుల ఆరోగ్య చరిత్రకు ఇవ్వలేదు. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో పాలమూరు, నల్లగొండ పల్లెలలో జబ్బు పడిన స్త్రీకి ఎవరు దిక్కు అనే ప్రశ్నకు సమాధానం వెదికేవారికి కథరీనా షెల్లెన్‌బర్గ్ జీవితం ఒక ముఖ్యమైన ఆధారం. 1907లో హైదరాబాదు రాజ్యానికి వచ్చిన ఆమె, మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ తరఫున ఇక్కడ పనిచేసిన తొలి వైద్యురాలు. 1945 జనవరి 1న శంషాబాదులో కన్నుమూసే వరకు ఆమె కార్యక్షేత్రం ఈ ప్రాంతమే.

మెన్నొనైట్లు పదహారవ శతాబ్దపు ఐరోపా మత సంస్కరణల కాలంలో ఏర్పడిన క్రైస్తవ శాఖకు చెందినవారు. నెదర్లాండ్స్‌కు చెందిన మెన్నో సైమన్స్ పేరిట వారికి ఆ పేరు వచ్చింది. ఆయుధం పట్టకపోవడం వారి ప్రధాన నియమం. ఆ నియమం కోసమే వారు తరతరాలుగా దేశాలు మారవలసి వచ్చింది. పద్దెనిమిదవ శతాబ్ది చివర రష్యా రాణి రెండవ కేథరిన్ ఆహ్వానంపై ప్రష్యా నుండి వెళ్లి, నేటి ఉక్రెయిన్‌లోని గడ్డినేలల్లో స్థిరపడ్డారు. అక్కడి మొలోచ్నా వలసలో 1860లో మెన్నొనైట్ బ్రదరెన్ అనే శాఖ వెలసింది. రష్యా ప్రభుత్వం 1874లో నిర్బంధ సైనిక సేవను అమలులోకి తేవడంతో వేలాది కుటుంబాలు మళ్లీ మూటాముల్లె సర్దుకొని ఉత్తర అమెరికా చేరాయి.

1870లో దక్షిణ రష్యాలో జన్మించిన కథరీనా ఆ వలసలోనే, బాల్యంలో అమెరికా చేరారు. తండ్రి అబ్రహాం షెల్లెన్‌బర్గ్ ఆ సంఘంలో పేరున్న పెద్ద. ఆమె వివాహం చేసుకోలేదు. వైద్యవిద్య పూర్తిచేసి భారతదేశానికి పయనమయ్యేనాటికి ఆమెకు ముప్పయ్యారేళ్లు. స్వదేశపు చర్చిలో స్త్రీకి బోధకస్థానం దక్కని కాలమది. అదే సంఘం సముద్రాలకు ఇవతల మాత్రం ఆమె చేతిలో ఒక ఆసుపత్రి భారాన్ని పెట్టింది.

ఆమెకు ముందే ఈ సంఘానికి తెలుగునాటితో పరిచయం ఉంది. అబ్రహాం, మరియా ఫ్రీజెన్ దంపతులు 1889లో రష్యా నుండి వచ్చి నల్లగొండ కేంద్రంగా పనిచేశారు. అమెరికా శాఖవారు 1899లో వచ్చి హైదరాబాదులోని మలక్‌పేటలో స్థావరం ఏర్పరచుకున్నారు. క్రమంగా నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి వంటి చోట్లకు విస్తరించారు.

కథరీనా అడుగుపెట్టిన రాజ్యంలో వైద్యం బొత్తిగా లేదనడం సరికాదు. ప్రభుత్వ యునానీ దవాఖానాలు ఉన్నాయి. మత్తుమందుగా క్లోరోఫారం వాడకంపై 1888, 1889లలో జరిపిన పరిశోధనలతో హైదరాబాదు వైద్యలోకం దృష్టిని ఆకర్షించింది. 1897లో రొనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని గుర్తించినది సికింద్రాబాదులోనే. అయితే ఆ విజ్ఞానం జిల్లాల పల్లెలకు చేరలేదు. పురుష వైద్యుని ఎదుటికి రావడానికి ఘోషా కుటుంబాల స్త్రీలకు ఆచారం అడ్డు. ఊరి చివర వాడల స్త్రీలకు దూరమూ పేదరికమూ అస్పృశ్యతా అడ్డు. కాన్పు భారం మంత్రసాని అనుభవంపైనే ఉండేది. ఆపైన 1908లో మూసీ వరద, 1911 నుండి ప్లేగు, 1918లో ఇన్‌ఫ్లూయెంజా ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి.

ఇటువంటి చోట ఒక వైద్యురాలు ఏమి చేయగలరు? ఆనాటి ఔషధాల సంచి చాలా చిన్నది. క్వినైను, అయొడిను, కార్బాలిక్ ఆమ్లం, క్లోరోఫారం వంటివే ఆధారం. సల్ఫా మందులు 1930ల మధ్యలో గాని రాలేదు. పెన్సిలిన్ సామాన్యులకు అందేనాటికి ఆమె జీవించి లేరు. కనుక ఆ కాలపు రోగి ప్రాణం చాలావరకు పరిచర్యపైనే ఆధారపడింది. కాచిన నీరు, ఉడికించిన గుడ్డ, కడిగిన చేయి, పుండుకు రోజూ మార్చే కట్టు, జ్వరం దిగేదాకా రాత్రంతా పక్కన కూర్చునే మనిషి – ఇవే అసలు వైద్యం. మిషన్ ఆసుపత్రిలో డాక్టరు పట్టాకూ నర్సు పనికీ మధ్య గీత గీయడం కష్టం. రెండూ ఒకే చేతి మీదుగా సాగవలసిందే.

నారికురుపు ఇందుకు మంచి ఉదాహరణ. దిగుడు బావుల నీటి ద్వారా సోకి, కాలి చర్మం చీల్చుకొని బయటపడే ఆ పురుగును పుల్లకు చుట్టి రోజుకు కొంచెంగా లాగడం తప్ప వేరే చికిత్స లేదు. తొందరపడితే పురుగు తెగి కాలు చీముపడుతుంది. కావలసినది ఓర్పు. 2000లో భారతదేశం ఆ వ్యాధినుండి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఆ విజయం కూడా మందువల్ల రాలేదు. నీటిని వడగట్టి తాగడం, దిగుడు బావులను మార్చడం వల్ల వచ్చింది.

మిషన్ వైద్యం మతప్రచారంతో ముడివడి ఉన్నదన్న విషయాన్ని చరిత్రకారుడు దాచనవసరం లేదు. మందు కోసం వేచి ఉన్నవారికి బోధ వినిపించడం ఆనాటి మిషన్ ఆసుపత్రుల పద్ధతి. సంఘంలో చేరినవారిలో అధికులు మాల, మాదిగ కులాలవారు. చికిత్సకు వచ్చినవారు మాత్రం అన్ని మతాలకూ, కులాలకూ చెందినవారు. వారిలో ఎక్కువమంది తమ విశ్వాసంతోనే ఇళ్లకు తిరిగి వెళ్లారు. ఊరు ముట్టనివారి పుండును కడిగిన చేయే ఇతరుల నాడిని కూడా పట్టిచూసిందన్న సంగతిని ఈ వాదవివాదాలలో మరువరాదు.

మరువరానివారు మరికొందరున్నారు. తెలుగు రాని వైద్యురాలికి రోగి బాధను విప్పిచెప్పినవారు, కట్లు కట్టినవారు, పథ్యం వండినవారు, బండిలో తోడువెళ్లినవారు స్థానిక స్త్రీలే. అమెరికా మిషనరీల జీవితచరిత్రలు గ్రంథస్థమయ్యాయి. ఈ సహాయకురాళ్లలో ఎందరి పేర్లో ఎక్కడా నమోదు కాలేదు. వారి మనుమలు, మునిమనుమల జ్ఞాపకాలలో మిగిలినదానిని సేకరించే పని ఇకనైనా జరగాలి.

కథరీనా తదనంతరం, 1950ల దశకంలో, ఈ మిషన్ వైద్యసేవకు జడ్చర్ల ప్రధాన కేంద్రమయింది. 2008లో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన నాటినుండి శంషాబాదు పేరు వినగానే స్ఫురించేది విమానాలే. రష్యా గడ్డినేలల్లో పుట్టి, కాన్సాస్ గోధుమచేల మీదుగా అక్కడికి చేరిన ఒక స్త్రీ, ముప్పయ్యేడేళ్ల సేవ ముగించి ఆ నేలమీదనే కన్నుమూసిందన్న సంగతి కూడా ఆ ఊరి చరిత్రలో భాగం కావాలి. ఆమెతోపాటు రాత్రులు మేలుకొన్న పేరులేని తెలుగు స్త్రీలకూ అందులో చోటు దక్కాలి.