దండారికి వచ్చే ఆ డబ్బు
తెలంగాణ వచ్చాక ఉట్నూరు ఐటీడీఏ ద్వారా దండారి పండుగకి గూడేనికి 10 వేల రూపాయలు ఇచ్చారు. మంచిదే. కానీ దండారి సర్కారు డబ్బుతో పుట్టింది కాదు. ఒక గూడెం దండారి ఇంకో గూడేనికి పోతే అక్కడోళ్లే తిండి పెట్టి, మర్యాద చేసి పంపేవారు. ఒకరికొకరు గ్రాంటు ఇచ్చుకున్నట్టే కదా!

పర్ధాన్ల సంగతి వేరు. తరతరాలుగా గోండు ఇళ్ల నుంచి వాళ్లకి ధాన్యం, పశువులు అందేవి; వాళ్లు కిక్రి వాయిస్తూ మన వంశాల కథలు పాడేవారు. 1940లలో మార్లవాయిలో ఉన్న హైమెన్‌డార్ఫ్ ఈ బంధం గురించి వివరంగా రాశాడు. ఆ ఊరి గుస్సాడీ కనకరాజు గారికే 2021లో పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు ఆ బంధం సన్నబడింది. నెమలీకల టోపీలు, భోజనాలు పోను కిక్రి పట్టే తాతకి ఆ డబ్బులో మిగిలేదెంత? ఈసారి డబ్బు పంచేటప్పుడు మన పటేల్‌ని ముందు అదే అడుగుదాం.