సూపర్నోవాల అన్వేషణలో శూన్యచిత్రముల సాక్ష్యము

ఆకాశమున క్రొత్తగా వెలసిన చుక్కలను గూర్చిన చరిత్రలు సాధారణముగా ‘మొదట చూచినవారెవరు?’ అను ప్రశ్నతో ఆరంభమగును. 1572 నాటి తారకు టైకో బ్రాహి పేరును, 1604 నాటి దానికి కెప్లరు పేరును నిలిచినవి. వారికంటె ముందు చూచినవారున్నను పేరు మాత్రము శ్రద్ధగా వ్రాసి యుంచినవారికే దక్కినది. అయితే ముందటి రాత్రి ఆ చుక్క అచ్చట లేదని చెప్పగల సాక్షి యెవ్వరు? స్వయంచాలక దూరదర్శినుల చరిత్రకు ఈ రెండవ ప్రశ్నయే కీలకమని నా అభిప్రాయము. యంత్రములు సూపర్నోవాల సంఖ్యను పెంచినవనుట నిజమే. కాని అది వాని ముఖ్యోపకారము కాదు.

సూపర్నోవా యనగా ప్రేలిపోవు నక్షత్రము. వీనిని క్రమపద్ధతిని వెదకుట 1936లో కాలిఫోర్నియాలోని పాలొమారు కొండపై 18 అంగుళముల దూరదర్శినితో ఫ్రిట్జ్ జ్వికీ ఆరంభించెను. ఒకే గెలాక్సీలను మరల మరల ఛాయాచిత్రములు తీసి, పాత ఫలకమును క్రొత్తదానితో కంటితో సరిపోల్చుట ఆయన పద్ధతి. వ్రాతప్రతులను సరిపోల్చి పాఠాంతరములను గుర్తించు శ్రమ యెట్టిదో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కఱలేదు. అచ్చట లేఖకదోషములున్నట్లే ఇచ్చట ధూళికణములును, దారిన పోవు గ్రహశకలములును క్రొత్త చుక్కలవలె భ్రమింపజేయును. జ్వికీ తన జీవితకాలమున నూరింటికి మించి సూపర్నోవాలను కనుగొనెను. కాని రెండు ఫలకముల నడుమ దినములో వారములో గడచుచుండుటచే, ప్రేలిన గడియ ఆయనకు సాధారణముగా చిక్కలేదు.

ఈ పనిని కంప్యూటరునకు అప్పగింపవలెనని 1970 దశకమున న్యూమెక్సికోలో స్టర్లింగ్ కోల్గేటు యత్నించెను. భావము గొప్పదే కాని నాటి సాధనములు దానికి చాలలేదు. 1986లో బర్క్‌లీ పరిశోధకుల స్వయంచాలకాన్వేషణ తొలి సూపర్నోవాను పట్టినది. ఆనాటికే రాబర్ట్ ఇవాన్సు అను ఆస్ట్రేలియా మతబోధకుడు, గెలాక్సీల రూపములను కంఠస్థము చేసికొని, కేవలము కంటితో అనేక సూపర్నోవాలను కనుగొని యుండెను! ఇట్టి ధారణకు ముందు యంత్రము చాలకాలము వెనుకబడియే యున్నది.

యంత్రమునకు అసలు విజయము 2011 ఆగస్టు 24న లభించినది. పాలొమారునందే, 48 అంగుళముల దూరదర్శినితో 2009లో మొదలైన సర్వేక్షణ, 2 కోట్ల కాంతి సంవత్సరములకు పైబడిన దూరమునగల ఎం 101 గెలాక్సీలో ఒక చుక్కను పట్టినది. కంప్యూటరు క్రొత్త చిత్రమునుండి పాతదానిని తీసివేయగా మిగిలినదే ఆ చుక్క. ముందటి రాత్రి చిత్రమున అచ్చట ఏమియు లేదు. కాంతి పెరిగిన తీరునుబట్టి, ఆ చుక్క ప్రేలిన సుమారు 11 గంటలకే చిక్కినదని తేలినది. మయోర్కా ద్వీపమునందలి ఒక చిన్న స్వయంచాలక దూరదర్శిని, ప్రేలిన 4 గంటలకే ఆ చోటును చిత్రించియుండెను, అందును శూన్యమే. ఆ శూన్యమే అమూల్యమైనది. ప్రేలినది పెద్ద నక్షత్రమైనచో ఆపాటికి కనబడదగినంత కాంతి యుండవలెను. కావున దాని వ్యాసార్ధము సూర్యుని వ్యాసార్ధమున 50వ వంతునకు మించదనియు, అది శ్వేతకుబ్జతారయే యనియు నిర్ణయించిరి. హబుల్ దూరదర్శిని అంతకు చాల ముందు తీసిన చిత్రములలోను ఆ చోట ప్రకాశవంతమైన తార లేకుండుటచే, దాని తోడు నక్షత్రము అరుణ మహాతార కాదనియు తేలినది.

చిత్రము లేకుండుట వేఱు, చిత్రమున చుక్క లేకుండుట వేఱు. మేఘము క్రమ్మిన రాత్రి ఏ సాక్ష్యమును ఈయదు. ఉన్న చిత్రమైనను, తాను పట్టగలిగినంత మందకాంతి వఱకే సాక్షి. శాసనములలో ఒక పేరు కానరాకుండుటను ప్రమాణముగా గొనువారును ఈ భేదమును గమనింపవలసియున్నది.

2018 నుండి పాలొమారు దూరదర్శిని ఒక్కొక్క చిత్రమున 47 చదరపు డిగ్రీల ఆకాశమును పట్టుచు, ఉత్తరాకాశమును రెండుమూడు రాత్రులకొకమారు చుట్టివచ్చుచున్నది. 2025 జూనులో తొలి చిత్రములను వెలువరించిన చిలీ దేశపు వేరా రూబిన్ వేధశాల, 8.4 మీటర్ల దర్పణముతో, ఇంతకంటె ఎంతో మందమైన చుక్కలను పట్టగలదు. అయినను ఒకే చోటికి మరల వచ్చుటకు దానికిని సాధారణముగా కొన్ని రాత్రులు పట్టును. ఆ నడిమి ఖాళీలను పూరించుటకు చిన్న దూరదర్శినులు ఇంకను కావలసియే యున్నవి. లడఖులోని హాన్లెయందు 2018లో నెలకొల్పబడిన 0.7 మీటర్ల స్వయంచాలక దూరదర్శిని అట్టివానిలో నొకటి. పాలొమారున పగలైనపుడు అచ్చట రాత్రి.