బాలానగర్ షెడ్లలో టూల్ పాత్

మా బాలానగర్ చరిత్ర ఎవరు రాసినా పెద్ద గేట్ల పేర్లతోనే మొదలుపెడతారు. నర్సాపూర్ రోడ్డు మీద 1965లో హెచ్ఎంటీ వచ్చింది. దాదాపు అదే కాలంలో హెచ్ఏఎల్ ఏవియానిక్స్ విభాగం వెలిసింది. సోవియట్ సాయంతో ఐడీపీఎల్ మందుల కర్మాగారం లేచింది. 1968లో కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను, అంటే మనం సీఐటీడీ అనేదాన్ని, ఇక్కడ నెలకొల్పింది. ఈ వరసలో తప్పేమీ లేదు. కానీ గాంధీనగర్ కోఆపరేటివ్ ఎస్టేట్ లోపలి రేకుల షెడ్ల సంగతి అందులో ఒక్క వాక్యానికి మించి ఉండదు. డబ్బుంటే ప్రోగ్రామ్‌తో నడిచే యంత్రాన్ని ఎవరైనా తెచ్చుకోవచ్చు. బయటివాళ్లు రాసి పంపిన టూల్ పాత్‌ను, అంటే కట్టర్ నడవాల్సిన దారిని, ఆ యంత్రానికీ, చేతిలో ఉన్న కట్టర్‌కూ సరిపడేలా దిద్దుకోవడం మాత్రం కొనుక్కుంటే వచ్చేది కాదు. ఊరి చరిత్రలో ఆ దిద్దుబాటుకు ఒక అధ్యాయం ఉండాలన్నది నా వాదన.

ఈ దిద్దుబాటు అవసరం జాబ్ వర్క్ స్వభావంలోనే ఉంది. ఒకే భాగాన్ని లక్షల్లో తీసే ఫ్యాక్టరీలో ప్రోగ్రామ్‌ను ఒకసారి సరిచూసుకుంటే ఏళ్ల తరబడి నడుస్తుంది. షెడ్డుకు వచ్చేది ఒక మౌల్డ్, ఒక డై, రెండు ఫిక్చర్లు, ఓ చిన్న లాట్. ప్రతిసారీ పాత్ కొత్తదే. క్యామ్ సాఫ్ట్‌వేర్ లెక్కగట్టిన పాత్‌కు లోపమెరగని యంత్రమే తెలుసు. బాల్ స్క్రూ అరిగిందని గానీ, క్లాంప్ నాలుగు మిల్లీమీటర్లు ఎత్తుగా కూర్చుందని గానీ దానికి ఎవరూ చెప్పరు. పాత కంట్రోలర్ల మెమరీ సంగతి చూడండి. దాన్ని కాగితపు టేప్ పొడవులో, మీటర్లలో చెప్పేవారు. 80 మీటర్లంటే సుమారు 32 కిలోబైట్లు. మౌల్డ్ ఫినిషింగ్ ప్రోగ్రామ్ అందులో పట్టదు. కాబట్టి పక్కన కంప్యూటర్ పెట్టి సీరియల్ కేబుల్ మీదుగా వరస వరసగా పంపాలి. 9600 బాడ్ వేగంలో సెకనుకు దాదాపు 960 అక్షరాలు వెళ్తాయి. వరసకు 20 అక్షరాలనుకుంటే సెకనుకు 48 వరసలు. ఒక్కో వరస టూల్‌ను 0.1 మిల్లీమీటరు జరిపితే, నిమిషానికి 288 మిల్లీమీటర్లే. ప్రోగ్రామ్‌లో ఫీడ్, అంటే టూల్ జరిగే వేగం, నిమిషానికి 2000 మిల్లీమీటర్లని రాసినా యంత్రం తర్వాతి వరస కోసం ఆగి ఆగి నడుస్తుంది, ఆగిన చోటల్లా జాబ్ మీద గీత పడుతుంది. కేబుల్‌నో, యంత్రాన్నో మార్చే స్తోమత లేనప్పుడు మార్చగలిగేది పాత్‌నే. టాలరెన్స్‌ను డ్రాయింగ్ ఒప్పుకున్నంత మేర సడలించి, చిన్న చిన్న గీతల గుంపును జీ 02, జీ 03 చాపాలుగా కలిపితే వరసలు బాగా తగ్గుతాయి, యంత్రం ఆగకుండా నడుస్తుంది. ఇది కంట్రోలర్ పరిమితి, డ్రాయింగ్, లోహం మూడూ తెలిసిన మనిషి తీసుకునే నిర్ణయం.

మూలల సంగతి ఇంకా ముఖ్యం. ఎండ్ మిల్ వ్యాసంలో సగం వెడల్పున కోస్తూ నేరుగా పోతున్నప్పుడు లోహంతో దాని పట్టు 90 డిగ్రీలు. పాకెట్‌లో నిటారు మూలకు చేరేసరికి అది 180 డిగ్రీలవుతుంది. ఫీడ్ మారదు, భారం మాత్రం రెట్టింపు. కట్టర్ విరిగేది చాలాసార్లు అక్కడే. లోపలి చాపం మీద ఇంకో చిక్కు. గోడ వ్యాసార్ధం 10, కట్టర్ వ్యాసార్ధం 6 అయితే కట్టర్ కేంద్రం తిరిగేది 4 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో. ఫీడ్ కేంద్రానికి రాసింది కాబట్టి గోడ దగ్గర అంచు రెండున్నర రెట్ల వేగంతో దూసుకుపోతుంది. అందుకే ఆ ఒక్క వరసలో ఫీడ్ తగ్గిస్తారు. దీనికి విరుద్ధంగా వ్యాసంలో పదో వంతే కోస్తుంటే పొర లెక్కకన్నా పలచబడి 0.6 వంతుకు దిగుతుంది. అక్కడ ఫీడ్ పెంచకపోతే కట్టర్ కోయడం మాని రుద్దుతుంది. అంటే దిద్దుబాటు ఎప్పుడూ భయంతో నెమ్మది చేయడం కాదు. ఇవన్నీ కన్వెన్షనల్ మిల్లింగ్ మీద చేతి చక్రం తిప్పి చిప్ రంగూ శబ్దమూ చూసిన తరానికి కొత్త కావు. ఆ చేతి జ్ఞానం ఫీడ్ అంకెల్లోకి చేరడమే నేను చరిత్ర అంటున్నది.

ఇప్పటి క్యామ్ ఈ మూలల భారాన్ని తానే సమం చేస్తుంది కదా, ఇక చేతి దిద్దుబాటు వెనకబాటే కదా అంటారు. సాఫ్ట్‌వేర్ ఎదిగిన మాట నిజమే. కానీ దానికి ఇచ్చే హద్దులు, పోస్ట్ ప్రాసెసర్‌లో చేసే మార్పులు షెడ్డు అనుభవం నుంచే వెళ్తాయి. పని చోటు మారింది, అంతే. ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది: యంత్రం దగ్గర ఎవరికి తోచినట్టు వారు ప్రోగ్రామ్ మారిస్తే ఏ భాగం ఏ పాత్‌తో తయారైందో తేలదు. విమాన భాగాల విషయంలో దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు. అక్కడ భాగం రూపాన్నో, కూర్పునో ప్రభావితం చేయగల ఎన్‌సీ ప్రోగ్రామ్ మార్పు జరిగితే తొలి భాగాన్ని మళ్లీ తనిఖీ చేయాలి, అది న్యాయమే. అలాంటి పనిలో దిద్దుబాటు ఆమోదానికి ముందే, డ్రై రన్‌లోనూ సింగిల్ బ్లాక్‌లోనూ ముగియాలి. రాత్రి షిఫ్టులో గుట్టుగా ఫీడ్ నాబ్ తిప్పడాన్ని నైపుణ్యంగా కీర్తించడం నాకు నచ్చదు. ఇక, కోయంబత్తూరులోనూ రాజ్‌కోట్‌లోనూ ఇదే జరగదా? జరుగుతుంది. ఊరి చరిత్ర రాయాలంటే ఆ పని ప్రపంచంలో మరెక్కడా లేనిదై ఉండనక్కర్లేదు. టూల్ డిజైన్ నేర్పే సంస్థ, రక్షణ రంగ కర్మాగారం, జాబ్ వర్క్ షెడ్లు ఒకే పిన్‌కోడ్ చుట్టుపక్కల చేరడం ఇక్కడి కథ.

ఆధారాలేవని చరిత్రకారులు అడగొచ్చు. ప్రోగ్రామ్ ఫైళ్లే ఆధారాలు. బ్రాకెట్లలో రాసిన వ్యాఖ్యలను కంట్రోలర్ పట్టించుకోదు కాబట్టి తేదీ, కట్టర్ సైజు, ఫీడ్ ఎందుకు తగ్గించారన్న మాట అక్కడే రాసుకోవచ్చు. కస్టమర్ పంపిన ఫైలునూ, చివరికి నడిచిన ఫైలునూ పక్కపక్కన పెడితే ప్రతి తేడా ఒక నిర్ణయాన్ని చూపిస్తుంది. డ్రాయింగ్ కస్టమర్‌ది, పాత్ బయటపెడితే ఆకారం బయటపడుతుందన్న యజమానుల జంకు సబబే. అయినా ఎప్పుడో తుక్కుకు వెళ్లిన మౌల్డ్‌ల ప్రోగ్రామ్‌లను కస్టమర్ అనుమతితో దాచొచ్చు. పాత కంట్రోలర్‌ను తుక్కు కింద అమ్మేముందు అందులోని ప్రోగ్రామ్‌లను ఒక కంప్యూటర్‌లోకి దించుకోవడానికి సీరియల్ కేబుల్, ఒక పూట సమయం చాలు. ఆ పని ఎస్టేట్ సంఘాలు ముందుగా మొదలుపెట్టాలి. ఎందుకంటే మెమరీని నిలిపే బ్యాటరీ అయిపోతే ఫైళ్లు వాటంతటవే చెరిగిపోతాయి.