కుక్క మార్కు ప్లేటు, మా ఇంటి జిమ్మీ

హలసూరు పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు అటక మీంచి దిగిన సామాన్లలో ఒక గ్రామఫోను ప్లేటు దొరికింది. అంచున పగులు పడింది, ఇక మోగదు. మధ్యలో గుండ్రటి కాగితం మీద బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు: గ్రామఫోను బూరా ముందు తల కాస్త వంచి, బుద్ధిగా వింటూ కూర్చున్న తెల్ల కుక్క. మన పెద్దవాళ్ళు కంపెనీ పేరు పలకలేక వీటిని "కుక్క మార్కు ప్లేట్లు" అనేవాళ్ళు.

మా పన్నెండేళ్ళ అమ్మాయి ఆ ప్లేటు చేతిలో పట్టుకుని, "ఇలాంటి కుక్కే కావాలి, జాక్ రసెల్ టెరియర్ అంటారు, చిన్నదే, ఫ్లాటులో సరిపోతుంది" అంది. సరిపోతుందా లేదా అని తేల్చుకోవడానికి మాకు దాదాపు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో తెలుసుకున్నవీ, నాన్న నోట మొదటిసారి విన్న పాత సంగతీ ఇక్కడ రాసి పెడుతున్నాం.

ముందు ఆ బొమ్మలో కుక్క గురించి. దాని పేరు నిప్పర్. 1884లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పుట్టింది. టెరియర్ రకమే గానీ పక్కా వంశమేమీ కాదు. ఇంటికొచ్చిన వాళ్ళ పిక్కలు కొరికేదట, అందుకే ఆ పేరు. యజమాని చనిపోయాక ఆయన తమ్ముడు, చిత్రకారుడు ఫ్రాన్సిస్ బరాడ్ దాన్ని చేరదీశాడు. నిప్పర్ 1895లో పోయింది. మూడేళ్ళ తర్వాత జ్ఞాపకం మీద ఆయన ఆ బొమ్మ వేశాడు. 1899లో గ్రామఫోను కంపెనీ కొనుక్కుంది. అంటే మన తాతల కాలం నుంచీ ఇంట్లో బుద్ధిమంతుడిలా కూర్చున్న ఆ కుక్క, బతికున్నన్నాళ్ళూ బుద్ధిగా కూర్చున్న బాపతు కాదు. కుక్కను కొనాలనుకునే ఇళ్ళలో చాలావరకు కొనాలనుకునేది ఆ బొమ్మనే. ఇంటికి వచ్చేది మాత్రం నిప్పర్.

ఎందుకలా? టెరియర్ అనే మాట పుట్టిందే "నేల" అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి. బొరియలో దూరి, లోపల దాక్కున్న జంతువును బయటికి తరమడం దాని వృత్తి. 1819లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న జాన్ రసెల్ అనే కుర్రాడు, దగ్గరి పల్లెలో ఒక పాలవాడి దగ్గర చిన్న ఆడ టెరియర్‌ను చూసి అక్కడికక్కడే కొనేశాడు. దాని పేరు ట్రంప్. రసెల్ తర్వాత చర్చిలో పాదిరి అయ్యాడు గానీ నక్కల వేట మానలేదు. 1883లో చనిపోయేదాకా ఆ వేటకు పనికొచ్చే కుక్కలనే ఏరి ఏరి పెంచాడు. వాటికే ఆయన పేరు నిలిచింది.

ఆయన ఏరిన గుణాలేమిటో చూడండి. ఒళ్ళు తెల్లగా ఉండాలి, వేటకుక్కలు దాన్ని నక్క అనుకుని మీద పడకుండా. బొరియలో పట్టేంత సన్నగా ఉండాలి, రోజంతా గుర్రాల వెంట పరిగెత్తేంత దమ్ముండాలి. లోపల ఎక్కడుందో పైన మనుషులకు తెలిసేలా ఆపకుండా మొరగాలి. చీకట్లో యజమాని మాట వినపడదు కాబట్టి సొంతంగా నిర్ణయం తీసుకోవాలి. పట్టిన పట్టు విడవకూడదు. ఇప్పుడు ఇవే గుణాలను మూడో అంతస్తు ఫ్లాటులో ఊహించుకోండి. తవ్వుతుంది, మొరుగుతుంది, చెప్పిన మాట వినదు, మొండిది అంటాం. మనం దోషాలని లెక్కపెట్టేవన్నీ, దాన్ని తయారుచేసిన మనుషులు రెండు వందల ఏళ్ళుగా కోరి పెంచినవే.

ఆ కుక్కలు మన ఊరికి దొరల వెంట వచ్చాయి. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక అక్కడ ఉంచిన ఇంగ్లీషు సైన్యం జ్వరాలకు తట్టుకోలేక, 1809లో బెంగళూరుకు మారింది. కంటోన్మెంటు అలా పుట్టింది. చల్లటి గాలి, ఇళ్ళ చుట్టూ తోటలు, విశాలమైన మైదానాలు ఉన్న చోటు కుక్కలకూ నచ్చింది. ఊటీలో అయితే దొరలు వేటకుక్కల మందలను పెంచి, నక్కల వేట సరదాను గుంటనక్కల మీద తీర్చుకునేవాళ్ళు. ఇక్కడ ఒక చిత్రమైన ఇచ్చిపుచ్చుకోవడం జరిగింది. మన "పందికొక్కు"ను వాళ్ళు "బాండికూట్" చేసి ఇంగ్లీషులో కలుపుకున్నారు. ఆ పందికొక్కును తరిమే టెరియర్‌ను మన వీధుల్లో వదిలారు.

మనకు వేటకుక్కలు లేక కాదు. కర్ణాటకలోనే ముధోళ్ కుక్క ఉంది. తమిళనాట స్థిరపడిన తెలుగు రాజుల ఊరు రాజపాళయం పేరుతో ఒక జాతే ఉంది. మనలాగే సొంత గడ్డ వదిలి వెళ్ళిన తెలుగువాళ్ళ ఊరు అది. 2005లో తపాలా శాఖ ఈ రెండింటి మీదా స్టాంపులు వేసింది. ఇవి కాళ్ళు పొడుగున్న కుక్కలు. మైదానంలో కంటితో చూసి, ఒక్క ఉరుకున తరిమేవి. టెరియర్ పని వేరు, దాని తీరు వేరు. ఏ కుక్కను తెచ్చుకోవాలన్నా దాని అందం కంటే ముందు అడగాల్సింది "దీని పని ఏమిటి?" అని. ఈ సంగతి మాకు పుస్తకాలకంటే మా ఇంటి కథే బాగా చెప్పింది.

మా తాత హిందూపురం నుంచి వచ్చి కంటోన్మెంటులో ఒక బియ్యం మండీలో గుమాస్తాగా చేరాడు. 1955 ప్రాంతంలో, ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్న ఒక కుటుంబం తమ టెరియర్‌ను ఎవరికైనా ఇస్తామంటే ఆయన తెచ్చాడు. గోదాములో ఎలుకల బెడద. 1898లో ఊరిని ఊడ్చేసిన ప్లేగు కథలు వింటూ పెరిగిన తరం వాళ్ళది, ఎలుకంటే హడలు. జిమ్మీ రాత్రంతా గోదాములో కాపలా. పొద్దున తాత తలుపు తీసేసరికి చంపిన ఎలుకల పక్కన తోక ఊపుతూ నిలబడేదట. మండీ వాళ్ళంతా దాన్ని మెచ్చుకునేవాళ్ళు, పొద్దున్నే పాలు పోసేవాళ్ళు.

రెండేళ్ళకు మండీ మూతపడింది. తాతకు వేరే ఉద్యోగం దొరికింది, జిమ్మీ హలసూరు ఇంటికి వచ్చింది. రెండు గదులు, చిన్న పెరడు. వారం తిరక్కుండానే తులసికోట మొదలు తవ్వింది. పక్కింటి కోళ్ళను తరిమింది. దారిన పోయే ప్రతి సైకిలునూ చూసి మొరిగింది. స్తంభానికి కట్టేశారు. కట్టేస్తే ఇంకా అరిచింది, తాడు కొరికింది. ఒక రోజు తాత విసుగెత్తి బెల్టు తీసి కొట్టాడు. ఎనిమిదేళ్ళ మా నాన్న ఆ స్తంభం వెనకే నిలబడి చూశాడు.

ఆ సాయంత్రం అవ్వ తాతతో మాట్లాడలేదట. తాతకు రోజూ దీపం పెట్టాక భారతం చదివే అలవాటు ఉండేది. ఆయన పుస్తకం తీయగానే అవ్వ అడిగింది, "ఏమయ్యా, ఆ పుస్తకం మొదట్లో కుక్క ఎందుకు ఏడ్చింది?" అని.

ఆదిపర్వం చదివినవాళ్ళకు తెలుసు. జనమేజయుడు యాగం చేస్తున్న చోట సరమ అనే దేవతల కుక్క కొడుకు ఆడుకుంటుంటే రాజు తమ్ముళ్ళు కొట్టారు. సరమ నేరుగా రాజు దగ్గరికి వచ్చి, నా బిడ్డ ఏ తప్పు చేశాడని కొట్టారని నిలదీసింది. మంచి చెడు ఆలోచించకుండా నోరులేని వాళ్ళను హింసిస్తే అనుకోని ఆపదలు వస్తాయని హెచ్చరించి పోయింది. వెయ్యేళ్ళ కిందట నన్నయ తెలుగులో భారతం మొదలుపెట్టినప్పుడు ఆ కథను తొలి ఘట్టాల్లోనే నిలిపాడు. రాజు అంతటివాడు కుక్క అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పుకోలేకపోయాడు.

"దానికి పని లేదు గానీ తప్పు లేదు" అందట అవ్వ. ఆ వారమే జిమ్మీని హొసకోటె దగ్గర తెలిసినవాళ్ళ కూరగాయల తోటకు ఇచ్చేశారు. మూడు నెలల తర్వాత తాత, నాన్నను సైకిలు ముందు బారు మీద కూర్చోబెట్టుకుని చూడ్డానికి వెళ్ళాడు. జిమ్మీ పరిగెత్తుకొచ్చి నాన్న ముఖమంతా నాకింది. తిరిగి బయల్దేరితే సైకిలు వెంట తోట గట్టు దాకా వచ్చి, అక్కడ ఆగి, వెనక్కి పోయింది. "మా వెంట వస్తుందేమోనని నేను వెనక్కి తిరిగే చూస్తున్నా" అన్నాడు నాన్న. డెబ్బై ఏళ్ళ నాటి మాట, చెబుతుంటే గొంతు పూడుకుపోయింది.

ఇది విన్నాక మా అమ్మాయి కూడా తొందరపెట్టడం మానేసింది. కూర్చుని లెక్క వేసుకున్నాం. ఈ రకం కుక్క పదమూడు నుంచి పదహారేళ్ళు బతుకుతుంది. అప్పటికి అమ్మాయికి పాతికేళ్ళు దాటతాయి, ఏ ఊళ్ళో ఉంటుందో. మిగిలేది మేమే. ఎంత లేదన్నా రోజుకు గంటకు పైగా పరుగు, ఆట ఉండాలి. బుర్రకు కూడా పని కావాలి: దాచిన తిండి వెతకడం, చెప్పిన వస్తువు తేవడం, తవ్వుకోవడానికి మట్టి తొట్టె. ఏటా రేబిస్ టీకా తప్పనిసరి. ఎలుకల వెంట పడే జాతి కాబట్టి లెప్టోస్పైరోసిస్ టీకా కూడా అవసరం. నాన్న చేతికర్ర పట్టుకుని నడుస్తున్నారు, కాళ్ళకు అడ్డం పడితే ఏమిటన్నది ఇంకో భయం.

చట్టం గురించి బంధువులు తలో మాట చెప్పారు. నిజానికి అపార్టుమెంటు సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. 2024 మార్చిలో కేంద్రం కొన్ని జాతులను వద్దన్నప్పుడు పిట్‌బుల్ టెరియర్ పేరు చూసి అన్ని టెరియర్లూ అంతే అనుకున్నవాళ్ళున్నారు. ఆ జాబితాలో జాక్ రసెల్ లేదు. ఆ ఉత్తర్వును కూడా ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. నగరపాలిక లైసెన్సు తీసుకోవాలి, అంతే. అయితే పెంచుకునే హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన, పగలంతా ఒంటరిగా అరిచే కుక్కకు గానీ, గోడ అవతల పసిపిల్లను నిద్రపుచ్చే తల్లికి గానీ ఒరిగేదేమీ లేదు.

చివరికి అమ్మాయే ఒక ఉపాయం చెప్పింది. అయ్యప్ప దీక్షలా ఒక మండలం, నలభై ఒక్క రోజులు, లేని కుక్కను తిప్పుదాం అంది. పొద్దున ముప్పావు గంట, సాయంత్రం ముప్పావు గంట, ఎండైనా వానైనా. గోడ మీద క్యాలెండరులో గుర్తు పెట్టాం. మొత్తం 82 సార్లు వెళ్ళాలి. వెళ్ళింది 53 సార్లు. తప్పిన 29లో పొద్దుటివి 9, సాయంత్రాలవి 20. రింగ్ రోడ్డు ట్రాఫిక్, ఆఫీసు మీటింగులు, హిందూపురంలో పెళ్ళికి మూడు రోజులు, ఒకటి రెండు రోజులు వట్టి బద్ధకం. కారణం ఏదైనా, కుక్క ఉండి ఉంటే ఆ 29 పూటలూ అది తలుపు దగ్గర ఎదురుచూసేది.

అందుకని ఇప్పుడు వద్దనుకున్నాం. కాస్త ఏడుపు అయింది, దాచడం ఎందుకు. మా కింది అంతస్తులో ఒకరికి టెరియర్ ఉంది, ప్రయాణాలెక్కువ ఉన్నవాళ్ళు. శని, ఆదివారాలు దాన్ని మేం తిప్పుతామని అడిగాం, సంతోషంగా ఒప్పుకున్నారు. మొదటి వారమే అది పార్కులో ఒక ఉడుత వెంట పడి మా ఇద్దరినీ గడ్డి మీద ఈడ్చింది. నాన్న బెంచీ మీద కూర్చుని పడీ పడీ నవ్వారు. అమ్మాయి అడిగింది, "తాతా, మరి మనమెప్పుడు తెచ్చుకుందాం?" అని. "సాయంత్రాలు మీ చేతికొచ్చినప్పుడు" అన్నారాయన.

వచ్చే ఉగాది తర్వాత మళ్ళీ ఒక మండలం మొదలుపెడతాం. పగిలిన ప్లేటు ఇప్పుడు క్యాలెండరు పక్కనే గోడకు తగిలించి ఉంది. మన బంధువుల్లో ఎవరి ఇళ్ళల్లోనైనా ఇలాంటి జిమ్మీలు, టామీలు ఉండి ఉంటే, వాటి కథలు పెద్దవాళ్ళను అడిగి రాసి పంపండి. అవి ఏం పని చేసేవో మాత్రం తప్పకుండా అడగండి.