టికెట్టూ త్యాగమూ: సురభి కమలాబాయి, చిందుల ఎల్లమ్మల రంగస్థల జీవితాలు

తెలుగు రంగస్థలం మీదికి ఆడవాళ్లు ఎప్పుడు వచ్చారన్న చర్చ మొదలైతే అది బళ్లారి, తెనాలి, బెజవాడ దాటి ఇవతలికి రాదు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని బళ్లారి రాఘవ పట్టుబట్టారు. అదే కాలంలో స్థానం నరసింహారావు సత్యభామగా, చిత్రాంగిగా చీర కట్టి నడిచి ప్రేక్షకుల్ని అబ్బురపరిచారు; 1956లో పద్మశ్రీ అందుకున్నారు. నాటక చరిత్ర పుస్తకాల్లో ఈ వాదోపవాదాలకు దక్కిన చోటు చాలా పెద్దది. నల్లగొండ, పాలమూరు ఊళ్ల నుంచి చూస్తే ఆ వాదమే కొంత విడ్డూరంగా తోస్తుంది. ఇక్కడ మాదిగవాడల్లో తెల్లవార్లూ సాగే చిందు యక్షగానంలో ఆడవేషం కట్టేది ఆడమనిషే. అవసరమైతే మగవేషమూ ఆమే కడుతుంది. సారంగధర కథ అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. చిత్రాంగిని ఎవరు ఆడాలని అక్కడి పెద్దలు తర్కించుకున్నారు. ఇక్కడ ఆ తర్కమే పుట్టలేదు. పుట్టకపోవడానికి కారణం ఉదారత అనుకుంటే పొరపాటు. చిందువాళ్లకు కుటుంబమే మేళం. ఇంట్లో ఉన్న ప్రతి గొంతూ, ప్రతి కాలూ ఆటకు కావాలి.

ఆట పాట రెండూ తెలిసిన ఇద్దరు స్త్రీల జీవితాల్ని పక్కపక్కన పెట్టి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇద్దరూ 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో పుట్టినవాళ్లే. ఇద్దరూ కళే కులవృత్తిగా ఉన్న ఇళ్లలో పుట్టి, ఊహ తెలిసీ తెలియని వయసులోనే ముఖానికి రంగు పూసుకున్నారు. వాళ్ల దారులు వేరైంది ప్రతిభ దగ్గర కాదు, కళకు ప్రతిఫలం ఎవరి చేతి నుంచి వచ్చిందన్న దగ్గర అని నా వాదం.

సురభి కమలాబాయిది 1907 జననం. తల్లి వెంకూబాయి నాటకం ఆడుతుండగానే నొప్పులొచ్చి రంగస్థలం మీదే ఆమెను కన్నదని సురభి కుటుంబాల్లో చెప్పుకుంటారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలైన ఆ సమాజం తోలుబొమ్మలాట నుంచి నాటకానికి వచ్చిన కుటుంబాలది. అక్కడా ఇల్లే మేళం కనుక ఆడవాళ్ల ప్రవేశం మీద పేచీ రాలేదు. (పాలమూరు పాఠకులకు ఒక మాట: కొల్లాపురం కేంద్రంగా జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభి వారికీ ఈ నాటకాల సురభికీ సంబంధం లేదు. ఒకటి ఇంటిపేరు, ఇంకోటి ఊరి పేరు.) బాలపాత్రలతో మొదలైన కమలాబాయి పెరిగేకొద్దీ నాయికగా స్థిరపడింది. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. హెచ్.ఎం. రెడ్డి తీసిన ఆ చిత్రానికి సురభి వారు ఆడుతున్న నాటకమే ఆధారం. అందులో లీలావతి కమలాబాయే. నేపథ్యగానం ఇంకా రాని రోజులు కాబట్టి పాడగలగడం అప్పటి నటికి మొదటి అర్హత. నాటకాల డేరాలో సాధించిన గొంతు అక్కడ అక్కరకొచ్చింది. ఆ తర్వాత ఎన్నో సినిమాలు. 1951 నాటి పాతాళభైరవిలో తోటరాముడి తల్లిగా ఆమెను ఇప్పటికీ చూడవచ్చు.

సురభికి టికెట్టు ఉంది. డేరా వేసి, బల్లలు పరిచి, డబ్బిచ్చిన ఎవరినైనా లోపలికి రానిచ్చే పద్ధతి అది. నటి పేరు కరపత్రానికెక్కుతుంది. పద్యం నచ్చితే ‘వన్స్ మోర్’ అంటారు, అదే పద్యం మళ్లీ రాగం తీసి పాడించుకుంటారు. కమలాబాయి విషయంలో ఆ పేరు పక్క ఊరికి పాకి, అక్కడి నుంచి సినిమాలు తీసే బొంబాయి దాకా పోయింది.

చిందుకు టికెట్టు లేదు. ఉన్నది హక్కు. చిందు కుటుంబాలకు తరతరాలుగా మిరాశీ గ్రామాలుంటాయి. ఆ ఊళ్ల మాదిగ ఇళ్లకు వీళ్లు ఆశ్రితులు. జాంబవ పురాణం చెప్పి, ఎల్లమ్మ దేవత వేషం కట్టి, రాత్రి భాగవతం ఆడినందుకు ఆ ఇళ్లు ఇచ్చేదాన్ని త్యాగం అంటారు. ధాన్యం కావచ్చు, డబ్బు కావచ్చు. తక్కిన కులాలవాళ్లు పిలిస్తే ఆడతారు గాని అడిగి తీసుకునే హక్కు మాదిగల దగ్గరే. ఇచ్చేవాళ్లే పేదలైనప్పుడు పుచ్చుకునేవాళ్ల సంగతి వేరే చెప్పాలా? ప్రభుత్వ షెడ్యూల్డు కులాల జాబితాలో ‘సింధోళ్లు, చిందోళ్లు’ అని కనిపించేది వీళ్లే.

ఆ ఆటలో నటి పని ఎంత బరువైనదో దగ్గర నుంచి చూస్తే గాని తెలియదు. పొద్దు గూకకముందే ముఖానికి అర్దళం రంగు పట్టించాలి. కిరీటం, భుజకీర్తులు తేలికైన పొనికి కర్రతో చేసినవే అయినా ఒంటికి బిగించి కట్టాక తెల్లారేదాకా విప్పే వీలుండదు. ఇద్దరు మనుషులు అడ్డంగా ఒక గుడ్డ పట్టుకుంటారు, అదే తెర. దాని వెనక నుంచి ముందు గజ్జెల చప్పుడు, తర్వాత గొంతు, ఆ తర్వాతే మనిషి. ప్రవేశ దరువు పాడుతూ ఆమె తనెవరో తానే చెప్పుకుంటుంది, చెబుతూనే చిందు వేస్తుంది. మద్దెల, తాళాలు, హార్మోనియం హోరు మీదుగా ఆరుబయట చివరి వరసలో కూచున్న ముసలమ్మకూ మాట తెలియాలి, అందుకే పాట ఎప్పుడూ హెచ్చు శ్రుతిలోనే నడుస్తుంది. ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చేది వంత. చరణం చివర వంతగాళ్లు అందుకున్న ఆ రెండు మూడు క్షణాల్లోనే ఆమె అడుగు సర్దుకుని తర్వాతి చరణానికి సిద్ధం కావాలి. సురభి నటి ఒక చోట నిలబడి పద్యాన్ని రాగంతో సాగదీయవచ్చు. చిందు నటికి ఆ వెసులుబాటు లేదు. సంగీతం తూకం వేసేవాళ్లు ఈ తేడాను పట్టించుకోకుండా రాగజ్ఞానం ఒక్కటే కొలబద్దగా పెట్టుకున్నారు. అది సరైన కొలత కాదు.

ఈ పరంపరలో ఎక్కువ పేరు దక్కింది చిందుల ఎల్లమ్మకు. బాసరలో పుట్టి, బోధన్ దగ్గరి అమ్దాపూర్‌లో స్థిరపడిన ఆమె చిన్ననాడే వేషం కట్టింది. ఆడపాత్రలూ మగపాత్రలూ రెండింటిలోనూ మెప్పించింది. పండితుల దృష్టి ఆమె మీద పడేసరికి వయసు పైబడింది. హంస పురస్కారం వచ్చిందీ ఆ వయసులోనే. 2005లో కన్నుమూసింది. కమలాబాయి పాతికేళ్లకే వెండితెర మీద పాడింది. ఎల్లమ్మ పేరు నగరానికి చేరడానికి దాదాపు ఒక జీవితకాలం పట్టింది. ఎల్లమ్మ గొంతు తక్కువదై ఇలా జరగలేదు. మిరాశీ హక్కు ఆమెకు అన్నం హామీ ఇచ్చింది, ఆ హామీయే ఆమెను కొన్ని ఊళ్ల సరిహద్దులో ఉంచింది. కొత్త ప్రేక్షకుణ్ని వెతుక్కోవాల్సిన అగత్యం చిందు మేళానికి లేదు. కొత్త ప్రేక్షకుడికి మాదిగవాడలో కూచుని ఆట చూసే అలవాటు లేదు. రెండో మాటే అసలు మాట.

నల్లగొండ సంగతికి వస్తే, నిజాం కాలంలో జనగామ తాలూకా ఈ జిల్లాలోదే. ఆ ప్రాంతంలోని దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ ఆయన పక్కన, ఆయన తరం మేళాల్లో నాయిక వేషాలు కట్టిన స్త్రీల పేర్లు చెప్పమంటే మనలో ఎందరం చెప్పగలం? పాలమూరులో పరిస్థితి ఇంకా కష్టం. పంటలు ఇంటికొచ్చి చేతిలో నాలుగు గింజలు ఉండే వేసవే ఆటలకు అదను. ఆ వేసవిలోనే జనం మూటాముల్లె సర్దుకుని వలస పోయేవాళ్లు. త్యాగం ఇచ్చే ఇళ్లకు తాళాలు పడితే హక్కు ఎవరి మీద? సురభి సమాజాలు కూడా తగ్గిపోయాయి, అయినా హైదరాబాద్ లింగంపల్లిలో వాళ్లకంటూ ఒక కాలనీ ఉంది, వాళ్లలో రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ అందింది, నాటకాల జాబితాలు, ఫొటోలు, పాత కరపత్రాలు కొన్నయినా మిగిలాయి. చిందుకు కరపత్రమే లేదు.

కాబట్టి నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో, పాలమూరు విశ్వవిద్యాలయంలో పరిశోధనకు అంశం వెతుక్కుంటున్న విద్యార్థులకు ఒక విన్నపం. కథల పట్టికలు, పురాణ పాఠాలు తర్వాత చూసుకోవచ్చు. ముందుగా వేషాలు మానేసి ఇంటి పట్టున ఉన్న చిందు స్త్రీల దగ్గరికి వెళ్లండి. ఏ ఊళ్లలో ఆడారు, ఏ పాత్రలు కట్టారు, ఏ దరువు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, త్యాగంలో తన వాటా ఎంత వచ్చేది అని అడిగి, పాట పాడించి, వాళ్ల అనుమతితో పేరుతో సహా భద్రపరచండి.