ఊరుమ్మడి కళ: కూచిపూడి మేళము

ఉమ్మడి ఆస్తి యనగానే మనకు పొలము గాని, ఇల్లు గాని, మామిడితోట గాని తలపునకు వచ్చును. అన్నదమ్ములు పంచుకొనక కలిసి అనుభవించునది ఉమ్మడి ఆస్తి. ఒక ఊరిలోని కొన్ని కుటుంబములు ఇట్లే ఒక కళను ఉమ్మడిగా నుంచుకొని, తరతరములుగా కలిసి సాగుచేసిన వృత్తాంతము మన తెలుగుదేశముననే కలదు. ఆ ఊరు కృష్ణాజిల్లాలోని కూచిపూడి. నేడు ఆ పేరు వినగానే లోకమునకు ఒక నాట్యము గుర్తునకు వచ్చును గాని, ఊరు గుర్తునకు రాదు. ఆ నాట్యము వెనుకనున్న ఊరిని గూర్చియు, ఊరివారి పొత్తును గూర్చియు నాలుగు మాటలు చెప్పుట ఈ ప్రసంగమున నా యుద్దేశము.

కూచిపూడి విజయవాడకు దాదాపు 60 కిలోమీటర్ల దూరమున, కృష్ణా డెల్టాలో నున్న పల్లె. క్షేత్రయ్య పదములలోని మువ్వగోపాలుని ఊరగు మొవ్వ దానికి పొరుగుననే యున్నది. బాలాత్రిపురసుందరీ సమేతుడైన రామలింగేశ్వరస్వామి ఆ ఊరి దైవము. వేదాంతమువారు, వెంపటివారు, చింతావారు, భాగవతులవారు, పసుమర్తివారు, మహంకాళివారు మొదలగు కుటుంబములు అచ్చట ఇరుగుపొరుగున కాపురముండి నాట్యమే వృత్తిగా జీవించినవి. ఇట్టి ఊరిలో ఒక ఇంట జతులు పలికిన పక్క ఇంటికి వినబడును. పిల్లవాడు అడుగు తప్పు వేసిన, తండ్రి ఊరలేకున్నను ఎదురింటి తాత పిలిచి దిద్దును. పాఠశాల అని వేరుగా ఒక కట్టడము అక్కరలేకుండ వీధియే పాఠశాల యయ్యెను.

కూచిపూడివారి ప్రసక్తి గల పాత ఆధారములలో మాచుపల్లి కైఫియతు ముఖ్యమైనది. అందలి కథ విజయనగరపు రోజులది. సిద్ధవటము సీమను ఏలుచుండిన సమ్మెట గురవరాజు ధనము కొరకు ప్రజలను, తుదకు స్త్రీలను సైతము, హింసించుచుండెనట. ఆ దారిని పోవుచున్న కూచిపూడివారు ఆ ఘోరమును చూచి, విజయనగరమునకు పోయి, వీరనరసింహరాయల ఎదుట దానినే కేళికగా ఆడి చూపిరట. రాయలు సంగతి గ్రహించి, సేనను పంపి, గురవరాజును శిక్షించెనని ఆ కథ. ఇందు మనము గమనింపవలసినది యొకటి కలదు. ఈ కథలో లోకమునకు జ్ఞాపకమున్నది ఒక నటుని పేరు కాదు, మేళము పేరు. రాజుల కొలువులో మరియొక పాలకుని దుర్మార్గమును బయటపెట్టుట ఒంటరివానికి సాధ్యమగు పని కాదు. పదిమంది ఒక్క గొంతుగా పలుకగలిగిరి గనుకనే ఆ సాహసము సాగినది.

తరువాతి కాలమున, 17వ శతాబ్దిలో, సిద్ధేంద్రయోగి వచ్చెను. ఆయన పారిజాతాపహరణ గాథను భామాకలాపముగా తీర్చి, కూచిపూడి బాలురకు నేర్పెననియు, ఆ ఊరి కుటుంబములలో పుట్టిన ప్రతి మగబిడ్డయు జీవితములో ఒక్కమారైనను సత్యభామ వేషము కట్టవలెనని పెద్దలచేత ప్రమాణము చేయించెననియు సంప్రదాయము చెప్పుచున్నది. 1672 నుండి 1687 వరకు గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా ఈ మేళము ఆట చూచి మెచ్చి, ఊరిని అగ్రహారముగా ఇచ్చెననియు చెప్పుదురు. ఈ కథలలో చరిత్ర పాలు ఎంత, భక్తి పాలు ఎంత అని విడదీయుట కష్టము. కాని ఆ ప్రమాణములోని వివేకము మాత్రము స్పష్టము. ప్రతిభ గల పిల్లలకే విద్య చెప్పిన, ఆ విద్య ఆ నలుగురిది యగును; వారితో పోవును. ప్రతి బిడ్డయు కాలికి గజ్జె కట్టవలసినదే యన్నప్పుడు, గొప్ప నటుడు కాలేనివాడు మద్దెల పట్టును, తాళము పట్టును, పాట అందుకొనును. ఏమియు పట్టకున్నను మంచి చెడ్డలు తెలిసిన ప్రేక్షకుడై ముందు వరుసలో కూర్చుండును. అట్టి ప్రేక్షకుడు ఎదుట నున్నప్పుడు నటుడు ఏమరడు.

మేళము ఆట జరుగు తీరునందును ఈ పొత్తు కనబడును. రాత్రివేళ, ఆలయము ముందో నలుగురు కూడు చోటనో పందిరి వేసి, కాగడాల వెలుగులో ఆట సాగెడిది. ఇద్దరు తెర పట్టుకొనెడివారు. పాత్ర ప్రవేశించునపుడు కాగడాలపై గుగ్గిలము చల్లగా మంట భగ్గున లేచెడిది. తెరమీదుగా సత్యభామ జడ వ్రేలాడవేయుట ఒక సవాలు. తన్ను విద్యలో ఓడింపగలవారున్న ఆ జడ కోయవచ్చునని పండితులకు పిలుపు. సవాలు చేయునది సత్యభామ వేషధారియే యైనను, పరువు మేళము మొత్తమునకు చెందినది. సూత్రధారుడు తాళము పట్టి, పాట నడిపి, సత్యభామకు చెలికత్తె మాధవియై, కృష్ణునికి చెలికాడు మాధవుడై, కథను ఆద్యంతము భుజముపై మోయును. గురువే సూత్రధారుడై శిష్యునికి చెలికత్తెగా నిలుచుట ఈ కళలో చిన్నతనము కాదు. ఆడువానికి ఆడించువాడు తోడు. ఇద్దరికిని ఊరు తోడు.

ఇంతవరకు చెప్పినది పొత్తులోని మేలు. దానికి ఎల్లలును కలవు. వానిని దాచుట చరిత్రకు న్యాయము కాదు. సత్యభామ కోపమును, విరహమును వందల రాత్రులు అభినయించినవారందరును పురుషులే. ఆ ఇండ్లలోనే పుట్టి, ఆ జతులు వినుచునే పెరిగిన ఆడపిల్లకు రంగస్థలముపై అడుగిడు హక్కు లేకుండెను. ఆ కొద్ది కుటుంబములకు వెలుపలివారికిని ఆ ద్వారము మూసియే యుండెను. ఉమ్మడి ఆస్తికి గోడ కట్టిన, లోపలి పంట భద్రముగానే యుండును. కాని ఆ గోడ బయట నిలిచినవారిలో ఎంతమంది నటీమణులు మరుగున పడిరో లెక్క చెప్పగలవారు లేరు.

20వ శతాబ్దిలో ఆ గోడకు బీటలు వారినవి. జమీందారుల ఆదరణ తగ్గినది. నాటక కంపెనీలు, పిదప చలనచిత్రములు ప్రజలను ఆకర్షించినవి. చింతా వెంకటరామయ్యగారు (1860–1949) మేళమును కట్టుదిట్టముగా నడిపి, యక్షగానములను రంగమున నిలిపి, ఊరి కళను కాపాడిరి. వేదాంతము లక్ష్మీనారాయణశాస్త్రిగారు వేరొక త్రోవ తొక్కిరి. వారు కలాపములనుండి విడి అంశములను తీసి, ఒక్కరే ఆడుటకు వీలుగా తీర్చిరి. స్త్రీలకు ఈ విద్య నేర్పిరి. ఒకరు ఇంటిని నిలబెట్టిరి, ఒకరు తలుపు తీసిరి. ఏ ఒక్కరు లేకున్నను ఈ కళ మనవరకు వచ్చియుండునా అనునది సందేహమే.

1958లో ఢిల్లీలో జరిగిన నాట్యగోష్ఠిలో కూచిపూడికి శాస్త్రీయ నాట్యముగా తగిన గుర్తింపు లభింపలేదు. ఆ లోటు తెలుగువారిని నొప్పించినది. 1959లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ ఒక గోష్ఠి జరిపినది; అందు పండితులు, నటులు కూడి కూచిపూడి శాస్త్రీయతను సప్రమాణముగా నిరూపించిరి. ఏలూరులో న్యాయవాదియు, నటుడును ఐన బందా కనకలింగేశ్వరరావుగారు ఈ కార్యమున మిక్కిలి శ్రమించిరి. ఊరిలోనే నెలకొన్న సిద్ధేంద్ర కళాక్షేత్రమునకు ఆయన అండయై నిలిచిరి. వీధి బడి కట్టడములోని బడి యయ్యెను. తరువాతి కాలమున అది తెలుగు విశ్వవిద్యాలయమున చేరినది. 1961లో వేదాంతము సత్యనారాయణశర్మగారికి కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారము లభించినది. స్త్రీవేషధారణలో వారిని మించినవారు లేరని పేరు.

1963లో, కూచిపూడిలోనే పుట్టిన వెంపటి చినసత్యముగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిరి. అచ్చట శిక్షణ పొందినవారిలో స్త్రీలు అనేకులు. వారి వెంట ఈ నాట్యము సముద్రములు దాటినది. సత్యనారాయణశర్మగారును, చినసత్యముగారును 2012లో, ఒకే సంవత్సరమున, కన్నుమూసిరి. దానికి రెండేండ్లు ముందు, 2010 డిసెంబరులో, హైదరాబాదు మైదానములో 2,800 మందికి పైగా నర్తకులు ఒక్కమారు కూచిపూడి ఆడిరి. వారిలో పెక్కుమందికి ఆ పేరు గల ఊరితో చుట్టరికము లేదు. గోడ తొలగిన ఫలము అది, సంతోషింపదగిన విషయమే.

కాని ఆ సంతోషముతోపాటు ఒక ప్రశ్నయు మిగులును. మేళములో రాత్రంతయు సాగిన కలాపము సభలలో గంటకు, అరగంటకు కుదించుకొనినది. పదిమంది కలిసి మోసినది ఒక నర్తకి ప్రతిభగా మారినది. తాళము పట్టుటకు, తెర పట్టుటకు, తప్పు దిద్దుటకు ఊరు వెంటలేనప్పుడు ఆ బరువు ఎవరు మోయవలెను? ఊరి కట్టుబాటులోని సంకుచితమును విడిచితిమి, మంచిదే. దానితోపాటు ఊరి పూచీని కూడ విడిచిన, నష్టము మనదే.

ప్రతి పేటలో నేడు గజ్జెల చప్పుడు వినబడుచున్నది. మన పక్క ఇంటి పిల్ల నాట్యము నేర్చుకొనుచున్నదన్న, అది ఆ ఇంటివారి సంగతి యని ఊరకుందుము. కూచిపూడి మనకు నేర్పిన పాఠము వేరు. ఆ పిల్ల మొదటి ప్రదర్శనకు వీధివారందరును పోయి ముందు వరుసలో కూర్చుండుట, బాగున్నచో మెచ్చుట, లోపమున్నచో ప్రేమతో చెప్పుట — ఇంత చేసిన చాలును. ఏ పేటలో ఇట్టి ఇరుగుపొరుగు లుందురో, ఆ పేట ఆ మేరకు కూచిపూడియే.