మా గట్టు కింద ప్రవహించేది

గోదావరి జిల్లా నుంచి అమ్మ మొదటిసారి లండన్ వచ్చినప్పుడు, పొద్దున్నే గ్రీన్‌వే మీదికి నడకకు తీసుకెళ్లాను. చుట్టుపక్కల వీధులకంటే ఎత్తులో తిన్నగా సాగిపోయే ఆ దారిని చూసి, "అచ్చం మన కాలవగట్టులా ఉందిరా. మరి కాలవేదీ?" అంది. కాళ్ల కిందే ఉందన్నాను. ఒక ఇనుప మూత దాటుతుంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అప్పుడు నమ్మింది.

తూర్పు లండన్‌లోని మా ప్లేస్టోలో పాతకాపులు దీన్ని సూయర్ బ్యాంక్ అనేవారు. హ్యాక్నీ విక్ దగ్గర మొదలై బెక్టన్ దాకా ఏడు కిలోమీటర్లు. థేమ్స్‌కు ఉత్తరాన ఉన్న లండన్ మురుగును మోసే పెద్ద కాల్వల మీద పోసిన గట్టు ఇది.

ఈ కాల్వలు కట్టకముందు లండన్ అంతా అమ్మలాగే ముక్కును నమ్మింది. దుర్వాసనే కలరా తెస్తుందనుకున్నారు. నీళ్లు పోసే కొత్త మరుగుదొడ్లు వచ్చాక ఊరి మలమంతా థేమ్స్‌లోకే చేరింది. చాలామంది తాగే నీళ్లూ ఆ నదివే. కలరా నీళ్లలోంచి వస్తోందని డాక్టర్ జాన్ స్నో 1854లో బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గర చూపించాడు. ఎక్కువమంది ఒప్పుకోలేదు. 1858 వేసవిలో నది కుళ్లి కంపు పార్లమెంటును కమ్మేసింది. బ్లీచింగ్ నీళ్లలో తడిపిన తెరలు కిటికీలకు కట్టుకున్నా ఆగలేదు. అప్పుడు గానీ చట్టం కదల్లేదు. సరిగ్గా ఆ ఏడు జూన్ నెలలోనే స్నో కన్నుమూశాడు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇంజనీరు జోసెఫ్ బాజల్జెట్ పథకం చెప్పడానికి తేలిక. నదిలోకి పారే కాల్వలన్నిటినీ ఒడ్డుకు ముందే అడ్డగించి, తూర్పుకు వాలుగా ఉన్న పెద్ద కాల్వల్లోకి మళ్లించాలి. ఊరు దాటాక, ఆటుపోటు చూసి, నీళ్లు సముద్రం వైపు తీస్తున్నప్పుడు వదిలేయాలి. కట్టింది 130 కిలోమీటర్ల పైచిలుకు ప్రధాన కాల్వలు, పట్టింది 30 కోట్లకు పైగా ఇటుకలు. కంపు పోగొట్టడానికి కట్టారు. పోయింది మాత్రం కలరా.

అయితే అందరికీ ఒకేసారి పోలేదు. 1866 నాటికి నగరంలో చాలా భాగం కొత్త కాల్వల్లో కలిసింది. మా తూర్పు వైపు పల్లపు నేలల మురుగును పైకి ఎత్తిపోయాల్సిన అబ్బీ మిల్స్ పంపింగ్ స్టేషన్ ఇంకా తయారుకాలేదు. ఆ ఏడు జూన్‌లో బ్రోమ్లీలో ఒక కూలీ, అతని భార్య కలరాతో పోయారు. వాళ్ల దొడ్డి నీళ్లు లీ నదిలోకి పోయేవి. ఈస్ట్ లండన్ నీటి కంపెనీ జలాశయాలు ఆ నది పక్కనే, ఓల్డ్ ఫోర్డ్‌లో ఉండేవి. వడపోసిన నీళ్లే ఇస్తున్నామని కంపెనీ చెబుతూ వచ్చింది. జనం ఇళ్ల గొట్టాల్లోంచి మాత్రం ఈల్ చేపలు బయటపడ్డాయి. చేప దూరిన దారిన కలరా దూరదా? ఒకప్పుడు గాలినే తప్పుపట్టిన గణాంకవేత్త విలియం ఫార్, ఈసారి ఎవరింటికి ఏ కంపెనీ నీళ్లో చూసి వేలు నీటివైపే చూపించాడు. ఆ ఏడు లండన్‌లో 5,500 మందికి పైగా చనిపోయారు. అత్యధికులు తూర్పు వాళ్లే.

అబ్బీ మిల్స్ 1868లో నడవడం మొదలైంది. లండన్‌లో మళ్లీ కలరా ప్రబలలేదు. మా ప్లేస్టో ఉన్న వెస్ట్ హామ్ అప్పట్లో ఎసెక్స్ కింద లెక్క. అందుకని లండన్ మురుగు మా నెత్తిమీదుగా పోయినా, మా మురుగుకు మొదట్లో ఇందులో చోటివ్వలేదు. గట్టు పక్కన కాపురాలు చేసినవాళ్లకు అది ఎంత కష్టంగా ఉండేదో.

గ్రీన్‌వే మీంచి అబ్బీ మిల్స్ గోపురం కనిపిస్తే అమ్మ చర్చి అనుకుని ఆగింది. సంగతి చెప్పాక చాలాసేపు చూస్తూ నిలబడి, "మన కుళాయి నీళ్లు ఏ నదివి?" అని అడిగింది. లీ లోయ జలాశయాలవే అన్నాను. ఇంటికొచ్చాక గ్లాసుడు నీళ్లు పట్టి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, తాగింది.